కర్ణుడి చావుకు నూరు కారణాలు, రేగల్ చావుకు ఒక్కటి

(కథారచన కార్యశాల రెండో రోజు మధ్యాహ్నం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. భోజనాల తరువాత మాట్లాడమని నన్ను పిలిచారంటే నిర్వాహకులకు నా మీద గురి ఎక్కువో, మీ మీద జాలి తక్కువో తెలియదు. నిద్ర వచ్చినవాళ్లు నిరభ్యంతరంగా పడుకోండి. మధ్యలో డ్రాగన్లు వస్తాయి, అవే లేపుతాయి.

నేను చాలా ఏళ్లు డైలీ సీరియళ్లకు కథలు అల్లి, మాటలు రాసి బతికినవాణ్ణి. ఆ పనిని మీరు చిన్నచూపు చూసినా నాకేమీ కోపం లేదు. నా అసలు గురువు మాత్రం నాకు అక్కడే దొరికింది. ఒక సీరియల్‌లో కథానాయిక బాబాయి పాత్ర ఒకటి ఉండేది. ఆ నటుడికి వేరే షూటింగ్ తగిలి పది రోజులు సెలవు కావాలన్నాడు. సరే, బాబాయిని కాశీకి పంపించేశాం. పది రోజులయ్యాయి, నెలయింది. ఆయన రాలేదు, మేం పిలవలేదు. కథ ఎటో వెళ్లిపోయింది. నాలుగు నెలల తరువాత మా వీధి కిరాణా కొట్టులో ఒక పెద్దావిడ కందిపప్పు తూయించుకుంటూ నన్ను గుర్తుపట్టి, "బాబూ, ఆ బాబాయి కాశీ నుంచి ఇంకా రాలేదేం?" అని అడిగింది. నేను నీళ్లు నమిలాను. ఆ కథ రాసి డబ్బు తీసుకున్నది మేం. బాబాయి గుర్తున్నది ఆవిడకు.

2019 మే నెలలో ఒక మాట విన్నప్పుడు నాకు ఆ కొట్టు, ఆ తక్కెడ, ఆ పెద్దావిడ ముఖం గుర్తొచ్చాయి. గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఎనిమిదో సీజన్, నాలుగో ఎపిసోడ్. డెనేరిస్ అనే రాణి తన రెండు డ్రాగన్లతో సముద్రం మీద ఎగురుతూ వస్తుంటుంది. గుట్టల చాటు నుంచి శత్రువు యూరాన్ ఓడలు బయటికొస్తాయి. పెద్ద పెద్ద ఇనుప బాణాలు మూడు తగిలి రేగల్ అనే డ్రాగన్ సముద్రంలో కూలిపోతుంది. ఆకాశంలో అంత ఎత్తున ఉన్న మనిషికి కింద ఓడల గుంపు ఎలా కనపడలేదు అని ప్రపంచమంతా అడిగింది. ఎపిసోడ్ వెంట వచ్చిన తెర వెనుక ముచ్చట్లలో, సృష్టికర్తల్లో ఒకరైన డేవిడ్ బెనియాఫ్ జవాబు చెప్పారు: ఆమె ఆ నౌకాదళం సంగతి ఒక రకంగా మరిచిపోయిందట.

మరిచిపోయిందట! అదే ఎపిసోడ్‌లో, పటం పరిచిన బల్ల చుట్టూ నిలబడి యుద్ధాలోచన చేస్తున్నప్పుడు, గూఢచారి వేరిస్ ఆమె ఎదుటే చెబుతాడు, కిరాయి సైన్యం గ్రేజాయ్ ఓడల్లో, అంటే ఆ యూరాన్ ఓడల్లోనే, రాజధానికి చేరిందని. మనం విన్నాం. ఆమె విన్నది. రాసినవాళ్లే వినలేదు.

ఈ సీరియల్ చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ అనే అమెరికన్ రచయిత 1996లో మొదలుపెట్టిన నవలల వరుస దీనికి మూలం. ఏడు రాజ్యాలు, ఒక ఇనుప సింహాసనం, దాని కోసం కొట్టుకునే వంశాలు, ఉత్తరాన మంచుగోడ అవతల నుంచి కదిలి వచ్చే శవాల దండు. డేవిడ్ బెనియాఫ్, డి. బి. వైస్ కలిసి దీన్ని అమెరికన్ ఛానెల్ హెచ్‌బీఓకు సీరియల్‌గా మలిచారు. 2011 ఏప్రిల్‌లో మొదలై 2019 మేలో ముగిసింది. మొత్తం 73 ఎపిసోడ్లు. చివరి సీజన్ వచ్చినప్పుడు మన దేశంలో సోమవారం ఉదయం ఆరున్నరకు వచ్చేది. సుప్రభాతం వేళకు లేచి నరుకుళ్లు చూసినవాళ్లు ఈ గదిలో కూడా ఉన్నారని నాకు తెలుసు, దాచుకోకండి. ముగిశాక, చివరి సీజన్‌ను మళ్లీ తీయమంటూ ఇంటర్నెట్‌లో పెట్టిన అర్జీ మీద 18 లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. అదే సీజన్‌కు ఆ ఏడాది ఉత్తమ నాటకీయ ధారావాహికగా ఎమ్మీ అవార్డు కూడా వచ్చింది. అవార్డులిచ్చేవాళ్లది ఒక తక్కెడ, కందిపప్పు కొనే పెద్దావిడది ఇంకొకటి.

మరిచిపోవడం కథలో తప్పు కాదు. మరుపు మీదే నిలబడ్డ చావు మనకు తెలుసు. కర్ణుడు కూడా మరిచిపోయాడు. రథచక్రం నేలలో దిగబడిన వేళ, కావలసిన అస్త్రం స్ఫురణకు రాలేదు. మనలో ఎవరైనా, "అదేమిటి, అంత వీరుడు ఎలా మరిచిపోయాడు?" అని అడిగారా? అడగం. ఎందుకంటే ఆ మరుపు వెనక పరశురాముడి శాపం ఉంది. ఆ శాపం వెనక ఒక అబద్ధం ఉంది, బ్రాహ్మణుణ్ణని చెప్పి విద్య నేర్చుకున్న అబద్ధం. ఆ అబద్ధం బయటపడింది ఎలా? గురువు నిద్ర చెడకూడదని తొడను పురుగు తొలుస్తున్నా కదలకుండా కూర్చున్నందుకు. అంటే అతని గురుభక్తే అతణ్ణి పట్టించింది. అబద్ధం వెనక పుట్టుక, పుట్టుక వెనక కుంతి. చక్రం దిగబడడానికి ఇంకో శాపం. కవచ కుండలాలు ఇంద్రుడికి పోయాయి, శక్తి ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది, పక్కన సారథి శల్యుడు సూటిపోటి మాటలు అంటున్నాడు. కర్ణుడి చావుకు నూరు కారణాలని ఊరికే సామెత పుట్టలేదు. నూరు కారణాలు చదివి కూడా మనకు చివర్లో "అయ్యో, ఇలా కాకుండా ఉంటే" అనిపిస్తుంది. కారణాలు ఎక్కువైతే ఉత్కంఠ తగ్గుతుందని కొత్తగా రాసేవాళ్లు భయపడతారు. నా అనుభవంలో అది ఉత్త భయం.

గేమ్ ఆఫ్ థ్రోన్స్‌కు అంత పేరు రావడానికి కారణం కూడా ఇలాంటి చావే. మొదటి సీజన్ తొమ్మిదో ఎపిసోడ్‌లో నెడ్ స్టార్క్ తల తెగింది. అప్పటి దాకా అతనే కథానాయకుడని అందరూ అనుకున్నారు. ప్రేక్షకులు దిమ్మెరపోయారు, ఏడ్చారు, కొందరు ఇక చూడమన్నారు. అది అన్యాయమని ఎంతమంది అన్నా అబద్ధమని ఎవరూ అనలేదు. వెనక్కి నడిచి చూడండి. రాణి సెర్సీ పిల్లలు రాజుగారి పిల్లలు కారని నెడ్‌కు తెలిసింది. ఆ సంగతి రాజుకు చెప్పే ముందు తోటలో సెర్సీకే చెబుతాడు, పిల్లల్ని తీసుకుని పారిపోమంటాడు. పసివాళ్ల రక్తం చూడలేని మనిషి. ఆ జాలే ఆమెకు వ్యవధి ఇచ్చింది. వేటలో రాజు అడవిపంది కోరల పాలై చావుకు దగ్గరయ్యాడు, అతని చేతికి ఘాటు మద్యం అందించింది రాణి చుట్టమే. ఆ రాత్రి రాజు తమ్ముడు వచ్చి, నా మనుషులున్నారు, ఇప్పుడే యువరాజును పట్టుకుందాం అంటాడు. చావుబతుకుల్లో ఉన్న రాజు మేడలో రక్తం చిందించనంటాడు నెడ్. చివరికి కూతురి ప్రాణం కోసం చేయని ద్రోహాన్ని అందరి ముందు ఒప్పుకుంటాడు, పరువు కోసం బతికినవాడు పరువే వదులుకుంటాడు. అప్పుడు ఆ కుర్ర రాజు జాఫ్రీ, తల్లి వద్దంటున్నా వినకుండా, తల నరకమంటాడు. ఇందులో ఒక్క మెట్టు తీసేయండి, నెడ్ బతుకుతాడు. ప్రతి మెట్టూ అతని స్వభావంలోంచి వచ్చిందే.

రేగల్ చావులో మెట్లు ఎన్ని? ఒకటి. రాణిగారు మరిచిపోయారు. ఇంకా చోద్యం, మరుసటి వారమే అదే రాణి మిగిలిన ఒక్క డ్రాగన్‌తో వచ్చి అదే నౌకాదళాన్ని, కోటగోడల మీది బాణయంత్రాలన్నిటినీ నిమిషాల్లో కాల్చేస్తుంది. ఒక్క బాణమూ తగలదు. ఒక వారం గురి తప్పని యంత్రం, ఇంకో వారం గురి కుదరని యంత్రం. యంత్రం మారలేదు, రచయిత అవసరం మారింది. ప్రేక్షకుడికి కోపం తెప్పించింది అదే. డ్రాగన్ ఉందంటే నమ్మినవాడు, డ్రాగన్‌ను కొట్టే బాణానికి ఒక నియమం ఉండాలంటాడు. అద్భుత కథకు నియమాలు తక్కువ అనుకోవడం పొరపాటు. మామూలు కథకు లోకం నియమాలు ఎరువిస్తుంది, అద్భుత కథ తన నియమాలు తానే పండించుకోవాలి.

దూరం సంగతే చూడండి. మొదటి ఎపిసోడ్‌లో రాజు పరివారంతో ఉత్తరాదికి వస్తాడు. దిగీ దిగగానే చనిపోయిన ప్రియురాలి సమాధి చూస్తానంటే, సెర్సీ అంటుంది: నెల రోజులుగా ప్రయాణిస్తున్నాం, చనిపోయినవాళ్లు ఎక్కడికి పోతారు అని. ఒక్క మాటతో ఆమె అసూయ తెలిసింది, రాజ్యం ఎంత పెద్దదో కూడా తెలిసింది. ఏడో సీజన్ ఆరో ఎపిసోడ్‌కు వచ్చేసరికి ఆ రాజ్యం మా వీధంత అయిపోయింది. మంచుగోడ అవతల గడ్డకట్టిన చెరువు మధ్య రాతిదిబ్బ మీద నెడ్ కొడుకుగా పెరిగిన జాన్ స్నో, అతని మనుషులు చిక్కుకుంటారు. ఒక కుర్రాడు గోడ దాకా పరిగెడతాడు, అక్కడి నుంచి కాకి ఎగురుకుంటూ దక్షిణాన దీవికి చేరుతుంది, రాణి ఉత్తరం చదువుకుని డ్రాగన్ల మీద ఉత్తరానికి వస్తుంది. అప్పటికి వీళ్లింకా దిబ్బ మీదే ఉన్నారు. కాలం విషయంలో కొంత అస్పష్టత ఉన్నదని ఆ ఎపిసోడ్ దర్శకుడు అలన్ టేలర్ కూడా ఒప్పుకున్నాడు.

నాకు ప్రయాణ కాలం మీద అంత పట్టింపు లేదు, నిజం చెప్పాలంటే. మన కథల్లో కీలుగుర్రాలు ఎన్ని ఎగరలేదు! నా పట్టింపు వాళ్లు అక్కడికి ఎందుకు వెళ్లారన్నదాని మీద. శవాల దండు నిజమేనని సెర్సీని నమ్మించడానికి ఒక శవాన్ని ప్రాణాలతో... ప్రాణాలతో అనకూడదేమో, కదులుతుండగా పట్టుకుని తీసుకెళ్లాలని. (నవ్వులు) అందుకోసం కాపాడ వచ్చిన డ్రాగన్లలో ఒకటి శత్రువు చేతికి చిక్కింది, ఆ డ్రాగన్‌తోనే వేల ఏళ్ల నాటి గోడ కూలింది. పట్టుకొచ్చిన శవాన్ని చూసి సెర్సీ సాయం చేస్తానంది, తరువాత అది అబద్ధమంది. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాం. వీళ్లు ఎలుక కోసం ఏనుగును పోగొట్టుకుని, ఆ ఎలుకను కూడా వదిలేశారు. ఇదంతా ఎవరు ఆలోచించారు? టిరియన్. ఆ లోకంలో అందరికన్నా తెలివైనవాడని మనకు ఆరు సీజన్లు చెప్పిన మనిషి. గోడ కూలాలి, గోడ కూలడానికి డ్రాగన్ కావాలి, డ్రాగన్ అటు వెళ్లడానికి సాకు కావాలి. సాకు కోసం తెలివైనవాణ్ణి తెలివితక్కువవాణ్ణి చేశారు.

ఇంకొకటి నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. మూడో సీజన్‌లో సెర్సీ కవల సోదరుడు, ఆమె ప్రియుడు కూడా అయిన జెయిమీ, చెయ్యి తెగి, జ్వరంతో, వేడినీళ్ల తొట్టిలో కూర్చుని వీరవనిత బ్రియెన్‌తో తన రహస్యం చెప్పుకుంటాడు. తాను కాపలా కాయవలసిన పిచ్చిరాజును తానే ఎందుకు చంపాడో. ఆ రాజు పట్టణాన్ని జనంతో సహా కాల్చేయమన్నాడు. జనాన్ని కాపాడడానికి చంపాడు. జీవితమంతా రాజహంతకుడనే నింద మోశాడు, నిజం ఎవరికీ చెప్పలేదు. ఆ దృశ్యం రాయగలిగితే నేను ఆ రోజే కలం పక్కన పెట్టేసేవాణ్ణి. ఎనిమిదో సీజన్‌లో అదే జెయిమీ, అదే పట్టణం కాలబోతుండగా, ఆ జనం గురించి నేనెప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు అంటాడు. మనిషి మారకూడదా? మారవచ్చు, సెర్సీ దగ్గరికి తిరిగి వెళ్లిపోవచ్చు కూడా, వ్యసనం అలాంటిది. కానీ ఆ వాక్యం మారడం కాదు. తొట్టి దృశ్యాన్ని తుడిచేయడం.

డెనేరిస్ సంగతికి వచ్చేసరికి నేను ఫిర్యాదుదారులతో కొంచెం విభేదిస్తాను. బానిసల్ని విడిపించిన రాణి ఒక్కసారిగా రాక్షసి ఎలా అయిందని చాలామంది అడిగారు. ఒక్కసారిగా కాదు. మిరీన్ అనే పట్టణంలో 163 మంది యజమానుల్ని కొయ్యలకు కొట్టించింది ఆమే. లొంగని తండ్రీకొడుకుల్ని డ్రాగన్ మంటలో బూడిద చేసింది ఆమే. మన నాట్యశాస్త్రం మాటల్లో చెప్పాలంటే బీజం ఉంది, ముఖసంధి, అంటే మొదలు, ఉంది. నిర్వహణ, అంటే ముగింపు, కూడా ఉంది, ఎంత ఘోరంగా అన్నా. మధ్యలో గర్భసంధి, విమర్శసంధి ఎగిరిపోయాయి. బీజం కనపడకుండా మళ్లీ కనపడుతూ, ఇటా అటా అని మనిషి నలిగే భాగం అది. ఇక్కడేమో రాజధాని పట్టణం లొంగిపోయి గంటలు మోగుతాయి. గోడ మీద డ్రాగన్‌పై కూర్చున్న ఆమె ముఖం కొన్ని క్షణాలు చూపిస్తారు. తరువాత ఆమె లేస్తుంది, ఊరంతా తగలబెడుతుంది. ఆ పైన ఆ ఎపిసోడ్ పూర్తయ్యే దాకా ఆమె ముఖం మనకు చూపించరు. కింద కాలుతున్నవాళ్లు కనపడతారు, పైన డ్రాగన్ నీడ కనపడుతుంది. ఎంతో గొప్పగా తీశారు. కానీ అప్పటి దాకా ఎవరి మనసులోకి మనల్ని తీసుకెళ్లారో, అసలు ఘడియలో ఆ తలుపే వేసేశారు.

మొదటి ఆరు సీజన్లకు పదేసి ఎపిసోడ్లు, ఏడో సీజన్‌కు ఏడు, ఎనిమిదో సీజన్‌కు ఆరు. ఇంకా తీస్తామంటే ఇవ్వడానికి ఛానెల్ సిద్ధంగానే ఉన్నా, సృష్టికర్తలే ఇంత చాలన్నారు. మా డైలీ సీరియళ్ల రోగం సాగదీయడం. పెళ్లి పీటల మీద తాళి చేతిలో పట్టుకుని పెళ్లికొడుకు వారం రోజులు నిలబడతాడు. ఇక్కడి రోగం దానికి తలకిందులు. రెండు రోగాలకూ ప్రేక్షకుడి కోపం ఒకటే: నా కాలాన్ని లెక్క లేకుండా వాడావు.

ఫిర్యాదులన్నీ ఒక గంపలో వేయకండి. శవాల దండు నాయకుణ్ణి జాన్ చంపాలి కదా, నెడ్ చిన్నకూతురు ఆర్యా ఎందుకు చంపింది అన్నది తీరని కోరిక. దానికి రచయిత జవాబుదారీ కాదు. అన్ని శవాల మధ్య నుంచి ఆర్యా అక్కడికి ఎలా చేరింది అన్నది తేలని లెక్క. దానికి జవాబు చెప్పాలి. విందు బల్ల మీద మరిచిపోయిన కాఫీ కప్పు ఒకటి ప్రపంచ ప్రసిద్ధి చెందింది. అది కథ తప్పే కాదు. నెడ్ చనిపోతున్నప్పుడు పక్కన సైకిల్ నిలబడి ఉన్నా ఎవరూ చూసేవారు కాదు. కథ పట్టు సడలినప్పుడే కళ్లు బల్ల మీదికి పోతాయి. మళ్లీ తీయమన్న అర్జీ మీద మాత్రం నేను సంతకం చేయలేదు. వంట బాగాలేదనే హక్కు అతిథికి ఉంది. గరిటె లాక్కునే హక్కు లేదు.

మూలం లేకపోవడం వల్లే ఇలా అయిందని సులువుగా అనేస్తారు. ఐదో నవల 2011లో వచ్చింది, ఆరో దాని కోసం పాఠకులు నాటి నుంచి ఎదురు చూస్తున్నారు, సీరియల్ పుస్తకాలను దాటిపోయింది. నిజమే. కానీ మూలంలో లేని దృశ్యాలు వీళ్లు అద్భుతంగా రాశారు. రెండో సీజన్‌లో మారువేషంలో ఉన్న ఆర్యా శత్రువు టైవిన్‌కు మద్యం పోస్తూ మాట్లాడే దృశ్యాలు నవలలో లేవు. కాబట్టి ఊహ లోపించలేదు. మార్టిన్ వాళ్లకు ముగింపులోని ముఖ్య ఘట్టాలు ముందే చెప్పాడు. ఊరి పేరు చెప్పాడు, దారి చెప్పలేదు. ఎందుకంటే ఆయనకూ తెలియదు. ఐదో నవల రాస్తూ ఆయన ఏళ్ల తరబడి ఇరుక్కుపోయిన చోటు ఒకటుంది, దాన్ని ఆయనే మిరీన్ ముడి అన్నాడు. ఆ పట్టణానికి ఎవరు ముందు రావాలి, ఎవరు తరువాత రావాలి, అది ఎవరి కళ్లతో చూపాలి. అంతే, వినడానికి గుమాస్తా లెక్కలా ఉంటుంది. నాలుగో నవలకూ ఐదో నవలకూ మధ్య ఆరేళ్లు. ఒకరు ముడి విప్పుతూ కూర్చున్నారు, ఇంకొకరు కత్తెర తీశారు. కత్తెర తీసినవాళ్లను తిట్టే ముందు గుర్తుపెట్టుకోండి, వాళ్లకు ప్రసారం తేదీ ఉంది. ఆ భయం నాకు తెలుసు.

చివరికి మార్టినే ఫిర్యాదుదారుల వరసలోకి వచ్చి నిలబడ్డాడు. తరువాతి సీరియల్ హౌస్ ఆఫ్ ది డ్రాగన్ రెండో సీజన్ 2024లో వచ్చింది. మూల గ్రంథంలో హెలేనా రాణికి ముగ్గురు పిల్లలు. హంతకులు వచ్చి, ఇద్దరు కొడుకుల్లో ఎవర్ని చంపాలో నువ్వే చెప్పు అంటారు. ఆమె చిన్నవాడు మేలోర్ పేరు చెబుతుంది. వాళ్లు పెద్దవాణ్ణి చంపుతారు. నిన్ను చంపమంది మీ అమ్మే అని తెలిసిన పిల్లవాడు మిగులుతాడు. సీరియల్‌లో ఆ చిన్నవాడే లేడు. రెండేళ్ల పిల్లలతో షూటింగ్ కష్టం, ఖర్చు. పాత్రను తీసేశారు. ఆ సెప్టెంబరులో మార్టిన్ తన సొంత పేజీలో పెద్ద వ్యాసం రాశాడు. ఆ పిల్లవాడు లేకపోతే తరువాత ఎప్పుడో హెలేనా తన ప్రాణం తీసుకోవడానికి కారణం మిగలదని ఆయన వాదన. కొన్ని గంటల్లోనే ఆ వ్యాసం మాయమైంది. కానీ ఈలోపు లోకమంతా చదివేసింది. ఒక్క పసివాణ్ణి ఇక్కడ తీస్తే ఎన్నో ఎపిసోడ్ల తరువాత ఒక తల్లి చావు గాలిలో వేలాడుతుంది. ఆయన బాధ అది.

మా కాశీ బాబాయి సంగతి సగంలో వదిలేశాను. కొట్టులో సిగ్గుపడి వచ్చిన ఆ వారమే ఒక దృశ్యం రాశాను. నటుడు దొరకలేదు, అందుకని ఫోనులో గొంతు మాత్రం వినిపించాం. ఘాట్ మెట్ల మీద జారి కాలు విరిగిందని, ఇప్పుడిప్పుడే లేచి నడుస్తున్నానని. బాగానే అతికిందనుకున్నాను. పది రోజుల తరువాత అదే కొట్టులో ఆవిడ మళ్లీ కనపడింది.

"విన్నాను బాబూ, పాపం కాలు విరిగిందట" అంది. "మరి ఈ నాలుగు నెలల్లో ఇంట్లోవాళ్లు ఒక్కళ్లయినా ఫోను చేయలేదేం?"

పప్పు సంచీ చంకన పెట్టుకుని, చిల్లర లెక్క చూసుకుంటూ వెళ్లిపోయింది.